శిక్షణ ఎవరికి, నిర్బంధం ఎవరికి? ఉత్తరాంధ్ర యుద్ధ జ్ఞాపకాల మీద కొన్ని అభ్యంతరాలు

2025 మే 7న విశాఖపట్నంలో యుద్ధ సైరన్లు మోగాయి. పాకిస్తాన్‌తో ఘర్షణ ముదిరిన రోజుల్లో, దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో జరపమని కేంద్రం ఆదేశించిన మాక్ డ్రిల్లు అది. దీపాలార్పడం, దాక్కోడం, దెబ్బతిన్నవాళ్లని మోసుకుపోడం - ఇవన్నీ పౌరులకి తర్ఫీదు. విశాఖలో ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా తలచుకునే తేదీ ఒకటుంది: 1942 ఏప్రిల్ 6. ఆ రోజు ర్యూజో అనే జపాను యుద్ధనౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాదు, భయం పెద్దది. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబొకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో చూడొచ్చు.

ఆ జ్ఞాపకం ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. సైరను మోగింది, జనం ట్రంకు పెట్టెలు కట్టుకున్నారు, బళ్లెక్కారు, విజయనగరం వైపూ పల్లెల వైపూ పారిపోయారు. కొంచెం హాస్యం, కొంచెం నాస్టాల్జియా. ఈ కథ అబద్ధమని మేం అనటం లేదు. మా అభ్యంతరం వేరు. ఈ కథలో పరిగెత్తినవాళ్లు మాత్రమే మనుషులు. పరిగెత్తడానికి వీల్లేనివాళ్లు కథలోకే రారు. అదే సమయంలో సర్కారు కొంతమందికి హెల్మెట్టూ విజిలూ ఇచ్చి యుద్ధానికి తయారు చేసింది. వాళ్లకి రికార్డులో చోటుంది, పేరుంది, అప్పుడప్పుడు పతకం కూడా ఉంది. మరికొంతమందిని ఏ శిక్షణా లేకుండానే యుద్ధానికి కట్టిపడేసింది. ఈ రెండో జట్టు కులమేమిటన్న ప్రశ్న మన చరిత్రకారులకి తట్టలేదు. తట్టినా అడగలేదు కాబోలు.

మేం ఈ కథని నెల్లిమర్ల వైపు నించి చదువుతున్నాం. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, శ్రీకాకుళం జిల్లా లేదు. అంతా విశాఖ జిల్లాయే. రేవుకి వెనక, చంపావతి ఒడ్డున, గోగునారతో గోనెలు నేసే ఊరు నెల్లిమర్ల. యుద్ధ భాషలో చెప్పాలంటే వెనకతట్టు ప్రాంతం. ముందు రేవు, వెనక రైలు, ఆ వెనక కూలి. యుద్ధానికి గోనె అంటే ధాన్యం బస్తా కాదు, ఇసుక బస్తా. రెండో యుద్ధం మొదలుకాక ముందే, 1938-39లో, బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశపు జూట్ మిల్లులకి ఇసుక సంచుల కోసం భారీగా ఆర్డర్లిచ్చింది. లండన్ గుమ్మాల ముందు పేర్చిన బస్తాల వెనక మన దేశపు మగ్గం ఉంది. యుద్ధం అంటే తుపాకీ పట్టుకోడమే అనుకునే వాడికి ఈ బస్తా కనపడదు.

1942 ఏప్రిల్‌లో మద్రాసు ప్రభుత్వం ఒక మాట అంది: ఇక్కడ అవసరం లేనివాళ్లు నగరం విడిచి వెళ్లిపోవచ్చు. ఆఫీసులు కూడా లోపలి ఊళ్లకి కదిలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ వదిలి గుంటూరు చేరింది. 'అవసరం లేనివాళ్లు' అన్న మాట దగ్గర మేం ఆగుతున్నాం. అవసరం లేనివాళ్లంటే ఎవరు? ప్లీడర్లు, పెన్షనర్లు, వ్యాపారుల కుటుంబాలు, ప్రొఫెసర్లు, వాళ్ల పిల్లలు. అంటే సమాజంలో గౌరవం ఉన్నవాళ్లంతా యుద్ధకాలపు లెక్కలో 'అవసరం లేనివాళ్లు'! వాళ్లకి వెళ్లిపోయే స్వేచ్ఛ దొరికింది. మరి అవసరమైనవాళ్లెవరు? 1941లో వచ్చిన ఎసెన్షియల్ సర్వీసెస్ ఆర్డినెన్సు దీనికి జవాబు చెప్తుంది. ప్రభుత్వం ఏ పనిని అత్యవసరమని ప్రకటిస్తే ఆ పని చేసేవాడు సరైన కారణం లేకుండా పని వదిలి వెళ్లడం నేరం. ఊరు నడవాలంటే ఏ పనులు ఆగకూడదు? నీళ్లు, దీపాలు, రైలు, రేవు - వాటన్నిటికంటే ముందు దొడ్లు. విజయనగరం, విశాఖ, శ్రీకాకుళం పట్టణాల్లో పాకీ పని ఎవరు చేశారో చెప్పడానికి ఆర్కైవ్సుకి పోనక్కర్లేదు. అది రెల్లివాళ్ల పని. కులం ఆ పని వాళ్ల నెత్తిన పెట్టింది, మునిసిపాలిటీ దానికి జీతగాళ్ల రిజిస్టరు కట్టింది, యుద్ధం దానికి జైలు తలుపు బిగించింది.

కులవ్యవస్థ పనికిమాలినవాళ్లని తోసేసినవాళ్లనే యుద్ధం అత్యవసరమైనవాళ్లంది. కానీ ఆ గుర్తింపు గౌరవంగా రాలేదు, గొలుసుగా వచ్చింది.

ఇదే ఏళ్లలో వచ్చిన మిగతా చట్టాలు పక్కన పెట్టి చూడండి. 1940లో యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకి జాతీయ సేవ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది నిర్బంధమే, కాని దాంతోపాటు యూనిఫారం, ర్యాంకు, జీతం వచ్చాయి. 1940లోనే సివిక్ గార్డుల ఆర్డినెన్సు వచ్చింది. పోలీసులకి తోడుగా నిలబడే స్వచ్ఛంద పౌరులు వాళ్లు. 1941లో ఎయిర్ రైడ్ ప్రికాషన్స్ సర్వీసుల ఆర్డినెన్సు వచ్చింది. జనం నోట అది ఏ.ఆర్.పి. అయింది. వార్డెన్లు చదువుకున్నవాళ్లు కావాలి, వీధిలో అందరిచేతా మాట వినిపించుకోగలవాళ్లు కావాలి. వీధిలో అందరిచేతా మాట వినిపించుకోగలవాడు మన ఊళ్లలో ఎవడు? ఏ గడపలోకైనా చెప్పులతో వెళ్లగలవాడు. సవర్ణుల ఇంటి అరుగు కూడా ఎక్కనివ్వని మాలా, పైడీ, రెల్లీ వార్డెనై ఆ ఇంట్లో దీపం ఆర్పమని చెప్పగలడా? అర్హతల జాబితాలో కులం అనే మాట ఎక్కడా లేకపోవచ్చు. ఆ మాట రాయాల్సిన అవసరం లేదు.

రంగూను ఈ విషయాన్ని ఇంకా నగ్నంగా చూపిస్తుంది. రంగూను రేవు కూలీలు, రిక్షా లాగేవాళ్లు, పాకీ పనివాళ్లలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండేవారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నించి ఓడెక్కిన వాళ్లు. బర్మావాళ్లు వాళ్లని 'కోరంగీలు' అన్నారు. 1930 మేలో జీతాల కోసం సమ్మె చేసినప్పుడు రంగూను వీధుల్లో హత్యలకి గురైనవాళ్లు కూడా వీళ్లే. 1941 డిసెంబరు 23న, మళ్లీ 25న జపాను విమానాలు రంగూను మీద బాంబులేశాయి. కూలి జనం ప్రోమ్ దారి పట్టి నడిచారు. వాళ్లు పోతే రేవులో సరుకు దిగదు, వీధుల్లో కంపు దిగదు. అందుకని అధికారులు వాళ్లని దారిలో ఆపే ప్రయత్నం చేశారు, కొందరిని నచ్చజెప్పి వెనక్కి పంపారు. వాళ్లకి ఎవరూ తుపాకీ నేర్పలేదు, కందకం తవ్వుకోడం నేర్పలేదు. వాళ్ల నించి కావలసింది పని. చివరికి లక్షలమంది భారతీయులు బర్మా వదిలి నడిచారు, దారిలో వేలమంది పోయారు. ఆ నడకలో కూడా తెల్లవాళ్లకొక దారి, నల్లవాళ్లకొక దారి అయింది. ఉత్తరాంధ్రలో బర్మా నించి తిరిగొచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. మన యుద్ధ చరిత్ర విశాఖలో పడ్డ బాంబుతో మొదలవ్వాలా, రంగూనులో ఆపిన కూలితో మొదలవ్వాలా అన్నది ఎవరి కళ్లతో చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ మధ్య ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాల గురించి రెండు మాటలు చెప్పాలి. పాతకాలపు జాతీయోద్యమ చరిత్ర 1942 అనగానే ఆగస్టు మీదికి దూకేది. యుద్ధం అందులో తెరవెనక మోత మాత్రమే. ఇందివర్ కామ్తేకర్ 2002లో రాసిన '1942 వణుకు' వ్యాసం ఆ దూకుడికి అడ్డుపడింది. జపాను వస్తుందన్న భయంలో వలస రాజ్యం లోపల ఎంత గుల్లబారిందో చూపించింది. యాస్మిన్ ఖాన్ 2015లో మామూలు మనుషుల యుద్ధం రాసింది. శ్రీనాథ్ రాఘవన్ 2016లో సైన్యం, ఆర్థికం, రాజకీయం కలిపి పెద్ద చిత్రం గీశాడు. రెండు లక్షల చిల్లర సైన్యం పాతిక లక్షలు దాటడం, ఆ పెంపులో పంజాబు ఒక్కటే చాలక దక్షిణాది మీద పడడం అందులో కనపడుతుంది. ఇవన్నీ చదవాల్సిన పుస్తకాలే. మా విద్యార్థులకి మేమే చెప్తున్నాం. కాని ఈ పుస్తకాల్లో వర్గం కనపడినంతగా కులం కనపడదు. కనపడినా రిక్రూటింగు ఆఫీసు గుమ్మం దగ్గర కనపడి, ఆ తర్వాత వెనకతట్టు పట్నాల్లోకి, మునిసిపాలిటీల్లోకి, వాడల్లోకి రాదు. భయం అందరిదీ ఒకటే అన్నట్టుంటుంది. కాని పారిపోగలిగినవాడి భయమూ, పారిపోతే జైలుకి పోయేవాడి భయమూ ఒకటెలా అవుతాయి?

రాధికా సింఘా 'కూలీల మహాయుద్ధం' అన్న అర్థంతో 2020లో తెచ్చిన పుస్తకం మాకు ఎక్కువ పనికొచ్చింది. అది మొదటి ప్రపంచ యుద్ధం గురించి. సైన్యం వెంట నడిచే 'ఫాలోయర్ల' చరిత్ర - నీళ్లు మోసేవాళ్లు, స్ట్రెచర్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, పాకీవాళ్లు, కూలి దళాలు. సైన్యం లోపలే పోరాడేవాడికీ వెంట నడిచేవాడికీ మధ్య జీతంలో, తిండిలో, పెన్షనులో, దెబ్బ తగిలితే వచ్చే పరిహారంలో గీత ఉంటుంది. ఆ గీతకి మన ఊరి గీతతో చుట్టరికం ఉంది. సింఘా చూపించిన ఈ గీతని రెండో యుద్ధంలోకి, సైన్యం బయట ఉన్న పౌర శిక్షణలోకి కూడా పొడిగించాలని మా వాదన. ఊరికి మాలపల్లె ఎలాగో, సైన్యానికి ఫాలోయరు అలాగ. ఏ.ఆర్.పి.కి పాకీ పనివాడూ అంతే.

మన తెలుగువాళ్లకి సైన్యం కొత్త కాదు. కంపెనీ కోస్తా సిపాయిల్లో తెలుగువాళ్లున్నారు. 1780 అక్టోబరు 3న విశాఖలో సిపాయిలు ఓడెక్కమంటే తిరగబడ్డారు. విజయనగరంలో కంటోన్మెంటు అన్న పేరు ఇప్పటికీ పేటకి మిగిలే ఉంది. మద్రాసు సైన్యంలో పరైయలూ క్రైస్తవులైన అంటరానివాళ్లూ ఉండేవారు. అయితే 1881-85 మధ్య మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది మనిషి యుద్ధానికి పనికిరాడన్న తీర్పు ఇచ్చి, తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతయ్యాడు. 'యుద్ధవీర జాతులు' అన్న సిద్ధాంతం రాజ్యమేలింది. 1890ల్లో మహర్లకి తలుపు మూశారు, తెలుగువాళ్ల చేరిక అడుగంటింది. పలుగూ పారా పట్టి రోడ్లేసిన మద్రాసు పయనీర్లని 1933లో రద్దు చేశారు. ఇది తెల్లవాడి మూఢనమ్మకం మాత్రమే అనుకుంటే పొరపాటు. క్షత్రియుడే పోరాడాలన్న మన స్మృతుల మాటకి తెల్లవాడు కొలత టేపు తెచ్చాడు, అంతే.

అంబేడ్కర్ ఈ తలుపు దగ్గరే పోరాడాడు. ఆయన తండ్రి సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. సిపాయి పిల్లలకి తప్పనిసరిగా దొరికిన చదువే అంటరానివాళ్లకి మొదటి చదువు అని ఆయన గట్టిగా చెప్పాడు. 1941 జులైలో జాతీయ రక్షణ మండలిలో చేరడానికి, మహర్ దళం కోసం పట్టుబట్టడానికి అది నేపథ్యం. 1941 అక్టోబరులో మహర్ రెజిమెంటు పుట్టింది. 1943లో చమార్ రెజిమెంటు పుట్టి, యుద్ధం అయిపోగానే 1946లో మాయమైంది. అవసరానికి తలుపు తియ్యడం, అవసరం తీరగానే మూసెయ్యడం అన్న ఈ లయని గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఇక్కడ జాషువా సంగతి ఎత్తాలి. తెలుగు విమర్శ ఇబ్బందిగా దాటేసే విషయమిది. 'గబ్బిలం' వచ్చింది 1941లో. రెండో యుద్ధకాలంలో జాషువా యుద్ధ ప్రచారకుడిగా కూడా పనిచేశాడు. జీవిత చరిత్రల్లో ఇది ఒక్క వాక్యం. జాతీయవాద విమర్శకుడికి అది తల దించుకోవాల్సిన వాక్యం, అభిమానికి దాచాల్సిన వాక్యం. మేం ఈ రెండూ ఒప్పుకోం. గుడి గబ్బిలానికి తెరుచుకుని తనకి మూసుకున్న దేశంలో, ఆ దేశాన్ని కాపాడుకుందాం రండని ఊరూరా చెప్పే ఉద్యోగం చేసిన అంటరాని కవి మనసులో ఏ లెక్కలు జరిగాయన్నది అసలు ప్రశ్న. జీతం ఒక లెక్క, గుర్తింపు ఒక లెక్క. కాంగ్రెసు యుద్ధ వ్యతిరేకతలో తన కులానికి ఏం దక్కుతుందన్నది ఇంకో లెక్క. అంబేడ్కర్ మండలిలో కూర్చోడాన్నీ, జాషువా ప్రచారానికి వెళ్లడాన్నీ ఒకే బల్ల మీద పెట్టి చదివిన విమర్శ మనకి రావాలి. దేశద్రోహమా దేశభక్తా అన్న తూకంరాళ్లు దీనికి పనికిరావు. ఆ రాళ్లు అగ్రహారంలో తయారైనవి.

కమ్యూనిస్టుల మాటకొస్తే, 1942 నించి వాళ్లు దీన్ని ప్రజాయుద్ధం అన్నారు. ప్రజలకి ఆయుధాలివ్వండి, శిక్షణ ఇవ్వండి అని అడిగారు. ఆ డిమాండు సూత్రంగా మాకు నచ్చుతుంది. సోవియట్ యూనియన్‌లో 1941 సెప్టెంబరు 17 నాటి ఉత్తర్వుతో 16 నించి 50 ఏళ్ల మగవాళ్లందరికీ 110 గంటల సైనిక శిక్షణ తప్పనిసరి అయింది. పనికి సెలవు లేదు, పని అయ్యాక డ్రిల్లు. యురల్స్ అవతలి ఊళ్లలో కూడా ఫ్యాక్టరీ కూలి సాయంత్రం కర్ర తుపాకీతో కవాతు చేశాడు. అక్కడి కష్టాన్నీ బలవంతాన్నీ మేం తక్కువ చెయ్యడం లేదు. కాని అక్కడ కూలి చేసేవాడే రిజర్వు. ఇక్కడ కూలీ వేరు, రిజర్వూ వేరు. మన కమ్యూనిస్టులు 'ప్రజలు' అన్న మాట వాడినప్పుడు ఈ తేడా ఆ మాట కింద మునిగిపోయింది. ఊళ్లో కర్ర ఎవడి చేతిలో ఉంది, ఆ కర్ర ఎవడి వీపు మీద విరుగుతోంది అని అడక్కుండా ఊరికి ఆయుధమివ్వమంటే, అది మళ్లీ ఆ కర్ర చేతికే పోతుంది. కంచికచర్ల నించి కారంచేడు దాకా మనం చూసింది అదే గదా.

స్వాతంత్ర్యం వచ్చాక ఏం మారింది? తొందరగా చెప్తాం. 1920 నాటి ఇండియన్ టెరిటోరియల్ ఫోర్సు చట్టం కింద యూనివర్సిటీ శిక్షణ దళాలుండేవి. 1948లో వాటి చోట ఎన్.సి.సి. వచ్చింది. కాలేజీ గుమ్మం దాటినవాడికే కవాతు, ఖాకీ, సర్టిఫికెట్టు. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో కాలేజీ కుర్రాళ్లకి ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ అయిదేళ్లలో కాలేజీకి చేరిన దళిత కుర్రాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించండి. ఆ కొద్దిమందికి మాత్రం ఆ బూట్లు ఎంత అపురూపమో కూడా ఊహించండి. బూట్లేసుకుని వీధిలో నడిస్తే కొట్టే ఊరికి, సర్కారే బూట్లిచ్చి నడవమంది. ఆ ఒక్కటీ మేం తక్కువగా చూడం.

1955లో మొదలైన లోక్ సహాయక్ సేన మన విషయానికి మరీ దగ్గర. చదువుతో పనిలేకుండా మామూలు పౌరులకి నెల్రోజుల క్యాంపులో సైనిక శిక్షణ. అయిదేళ్లలో 5 లక్షలమందికి ఇవ్వాలని లక్ష్యం. 1956లో చట్టం కూడా వచ్చింది. యుద్ధానికి పిలుస్తామన్న షరతు లేదు. క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం నేర్పడం ఉద్దేశమన్నారు. పేరులో లోకం ఉంది, లోకానికి గుర్తు లేదు. సైన్యం గురించి రాసేవాళ్లకి అది మరీ చిన్నది, సమాజం గురించి రాసేవాళ్లకి అది మరీ సైనికం. మధ్యలో జారిపోయింది. పల్లెటూరి మనిషికి రాజ్యం మొదటిసారి తుపాకీ చూపించిన ఆ నెల్రోజుల్లో అందరూ ఒకే పంక్తిలో తిన్నారా, ఒకే కుండలో నీళ్లు తాగారా అన్న ప్రశ్న వేసిన పరిశోధన మా కంటపడలేదు.

ఇక్కడ మా వాదనకి రెండో సగం ఉంది. ఇది మనవాళ్లలో కొందరికి నచ్చకపోవచ్చు. తలుపు తీసి లోపలికి రానివ్వడంతో సమస్య తీరిపోతుందని మేం అనుకోడం లేదు. ఎందుకంటే దళితులూ ఆదివాసులూ వెనకబడిన కులాలూ శిక్షణ జాబితాలోకి వచ్చేసరికి ఆ జాబితా విలువే పడిపోతూ వచ్చింది. హోంగార్డుల్ని చూడండి. పోలీసుతో సమానంగా ఎండలో నిలబడతాడు, చట్టం కళ్లకి మాత్రం స్వచ్ఛంద సేవకుడు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు హిమాచల్ హోంగార్డుల కేసులో, వాళ్లని రెగ్యులర్ ఉద్యోగులుగా తీసుకోమనడానికి ఒప్పుకోలేదు, పోలీసు కనీస జీతానికి సమానమైన భత్యం మాత్రం ఇమ్మంది. మన రాష్ట్రంలో 2019లో ఆ భత్యాన్ని రోజుకి 710 రూపాయలు చేశారు. నలభై ఏళ్లు పనిచేసినా అతను రోజు కూలీయే. యుద్ధకాలపు 'స్వచ్ఛందం' అన్న మాట శాంతికాలంలో జీతం ఎగ్గొట్టే మాట అయింది.

సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్. 2005లో సాల్వా జుడుం మొదలయ్యాక, ఆదివాసి కుర్రాళ్లని స్పెషల్ పోలీసు అధికార్లు అన్న పేరుతో తుపాకీలిచ్చి సొంత ఊళ్ల మీదికే పంపారు. అక్కడి నించి పారిపోయిన కుటుంబాలు ఖమ్మం, వరంగల్ అడవుల్లో తలదాచుకున్నాయి. అయిదో తరగతి చదివినా చాలు, నెలకి 3 వేల గౌరవ వేతనం. 2011 జులై 5న సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో దాన్ని తప్పుపట్టింది. చదువూ శిక్షణా చాలని పేద కుర్రాళ్లని ప్రమాదంలోకి తొయ్యడం రాజ్యాంగ సమానత్వానికి విరుద్ధం అంది. ఆదివాసికి ఆయుధం ఇచ్చారు గదా, ఇంకేం కావాలి అనేవాళ్లు ఆ తీర్పు చదవాలి. ఇక్కడ తుపాకీ పారలాగే ఇచ్చారు. వాడి పని అయ్యాక వాడి ప్రాణానికి పూచీ లేదు.

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ కూడా ఈ వరసలోదే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్లు అందరికీ తెలుసు. భూమి లేని ఇంటికి సైన్యం ఉద్యోగమే భూమి, పెన్షనే పంట. అగ్నిపథ్ ఆ పెన్షను తీసేసింది. నాలుగేళ్లు సేవ, నూటికి 25 మంది వరకు ఉంటారు, మిగతా 75 మంది పదకొండు లక్షల చిల్లర పట్టుకుని ఇంటికి. వాళ్లు ఎవరు? శిక్షణ పొందిన పౌరులు. రిజర్వు అన్న పేరు లేదు, రిజర్వుకి ఇచ్చే భత్యం లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషనులో కుర్రాళ్లు తిరగబడ్డారు, కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. ఆ గొడవని రౌడీయిజం అన్న మేధావులకి ఒక సంగతి అర్థం కాలేదు. ఆ కుర్రాళ్లు కోరింది యుద్ధం కాదు, ముసలితనంలో తిండి.

మొదటి జాబితా ఇలా పలచబడుతుంటే రెండోది, పని వదలకూడని వాళ్ల జాబితా, చెక్కుచెదరకుండా ఉంది. 1941 ఆర్డినెన్సుకి వారసులు ఎస్మా చట్టాలు: మన రాష్ట్రంలో 1971లో, కేంద్రంలో 1981లో. 2024 జనవరి 6న సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ ఆడవాళ్ల మీద రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా పెట్టింది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు వాళ్లు ఉద్యోగులు కారు, సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సర్వీసు. 2020లో కరోనా వచ్చినప్పుడు పారిశుధ్య కార్మికుల్ని 'యోధులు' అన్నారు. మే 3న హెలికాప్టర్లు ఆస్పత్రుల మీద పూలు చల్లాయి. యోధుడికి కవచం కావాలి గదా, గ్లోవ్సు లేక చేతులతో ఎత్తినవాళ్లని మేం చూశాం. సైనిక భాష వాడికి అరువిచ్చారు, సైనికుడి హక్కు అరువివ్వలేదు.

నెల్లిమర్లకి వస్తాం. 1994లో ఈ జూట్ మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇసుక బస్తా నేసే చేతులకీ తుపాకీకీ ఈ ఊళ్లో దొరికిన పరిచయం ఆ ఒక్కటే. కార్మిక సంఘాలు ఆ రోజుని వర్గపోరాటంగా తలచుకుంటాయి, అది న్యాయమే. కాని మిల్లులో ఏ పని ఏ కులం చేసిందన్న లెక్క కూడా తీసినప్పుడే 1942కీ 1994కీ మధ్య దారి కనపడుతుంది.

విద్యార్థి మిత్రులకి, ముఖ్యంగా విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఉన్నవాళ్లకి పని ఉంది. విశాఖ, విజయనగరం మునిసిపాలిటీల 1941-45 నాటి మస్టరు రోల్సు, కౌన్సిలు తీర్మానాలు అడగండి. వాటి పక్కన ఏ.ఆర్.పి. వార్డెన్ల పేర్లు పెట్టి చదవండి. పేరు చివర రాజు, శాస్త్రి, నాయుడు ఉన్న జాబితా ఏదో, పేరుకి చివరే లేని జాబితా ఏదో చూసి రాసుకోండి. రెల్లివీధుల్లో ఎనభై, తొంభై ఏళ్ల ముసలమ్మలు ఇంకా ఉన్నారు. బాంబు పడ్డ రోజు మీ అమ్మ ఎక్కడికి పారిపోయింది అని అడక్కండి. ఆ మర్నాడు పొద్దున్నే మీ అమ్మ ఏ వీధికి పనికి వెళ్లింది అని అడగండి.